కాలదోషం పట్టే తపాలా ఓటు: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో 12-డి విధానంపై విమర్శ

వ్యాససంగ్రహం

పోలింగ్ కేంద్రానికి వెళ్ళలేని వయోవృద్ధులు, దివ్యాంగులు ఇంటి వద్దనే తపాలా బ్యాలెట్ ద్వారా ఓటు వేసే వీలును భారత ఎన్నికల నిర్వహణ నియమాలు 2019 నుండి కల్పిస్తున్నాయి. ఈ వీలు ఒక్క ఎన్నికకే పరిమితం. మరుసటి ఎన్నికకు ఓటరు 12-డి పత్రంతో మళ్ళీ దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది. ఏర్పాటు మొదలయ్యేటప్పుడు బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి తెలియజేస్తాడు. అది ముగిసిందని గాని, అర్హత మారిందని గాని ఓటరుకు వ్యక్తిగతంగా తెలియజేసే ఏర్పాటు మాత్రం ఈ విధానంలో లేదు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాల పరిస్థితులను ఆధారం చేసుకొని, ఈ లోపం కేవలం సమాచార లోపం కాదనీ, ఓటరు తన హక్కును ప్రశ్నించుకోగల స్థితినే దూరం చేస్తున్నదనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: తపాలా బ్యాలెట్, 12-డి పత్రం, ఇంటి ఓటు, గడువు, చెల్లుబాటు, సర్వీసు ఓటరు, పశ్చిమ ప్రకాశం.

1. ఉపోద్ఘాతం

ప్రామిసరీ నోటు రాసిన మూడేళ్ళకు కాలదోషం పడుతుందన్న సంగతి పశ్చిమ ప్రకాశం పల్లెల్లో అక్షరం రాని రైతుకు కూడా తెలుసు. మూడేళ్ళు నిండేలోగా నోటు తిరగరాయించుకోవడమో, వెనుక చెల్లు వేయించుకోవడమో జరగాలి. లేకపోతే అప్పు ఉంటుంది గాని కోర్టులో నిలవదు. ఈ జ్ఞానం పాఠశాలలో వచ్చింది కాదు. గడువు దాటితే నష్టపోయేది అప్పిచ్చినవాడు గనుక అతడే తేదీ గుర్తుపెట్టుకుంటాడు, అతడే గడప తొక్కుతాడు. నష్టం ఎవరిదో జ్ఞాపకం వారిది. లోకవ్యవహారంలో కాలపరిమితులు ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి.

తపాలా ఓటు విషయంలో ఈ సూత్రం తలకిందులవుతుంది. ఏర్పాటుకు కాలదోషం పడితే నష్టపోయేది ఓటరు. ఆ తేదీ తెలిసినది ఎన్నికల యంత్రాంగానికి. తెలిసినవారికి నష్టం లేదు, నష్టపోయేవారికి తెలియదు. ఈ ఎడాన్ని పూడ్చేందుకు విధానంలో ఏమున్నది, ఏమి లేదు అన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

పశ్చిమ ప్రకాశం అన్నప్పుడు ఈ వ్యాసం 2024 నాటి ప్రకాశం జిల్లాలోని యర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి శాసనసభా నియోజకవర్గాలను ఉద్దేశిస్తున్నది. నాలుగూ ఒంగోలు లోక్‌సభ స్థానం పరిధిలోనివి. నల్లమల అంచున ఉన్న చెంచు గూడేలు, వర్షాధార మెట్టసేద్యం, భూగర్భజలాల్లో ఫ్లోరైడ్, పనుల కోసం నగరాలకు వలస అనేవి ఈ ప్రాంతానికి గుర్తులు. యువతరం వలస వెళ్ళిన ఇళ్ళల్లో మిగిలేది వృద్ధులే. కనుక ఇంటి వద్ద ఓటు అనే సౌకర్యం అవసరం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఇదొకటి.

2. ఏర్పాటు స్వరూపం

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 60వ సెక్షను కొన్ని తరగతుల ఓటర్లకు ప్రత్యేక పద్ధతిలో ఓటు వేసే అవకాశం కల్పించడానికి వీలిస్తుంది. దాని కింద 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలను 2019 అక్టోబరులో సవరించి, 80 ఏళ్ళు పైబడిన వృద్ధులను, దివ్యాంగులను తపాలా బ్యాలెట్ పరిధిలోకి తెచ్చారు. ఆ ఏడాది ఝార్ఖండ్ శాసనసభ ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల్లో ఇది మొదలైంది. 2020లో బీహార్ ఎన్నికలకు విస్తరించింది. 2024లో తొలిసారి లోక్‌సభ ఎన్నికల్లో దేశవ్యాప్తంగా అమలైంది.

ఆచరణక్రమం ఇది. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన తరువాత ఐదు రోజుల్లోగా 12-డి దరఖాస్తు రిటర్నింగ్ అధికారికి చేరాలి. బూత్ స్థాయి అధికారి అర్హులైన ఓటర్ల ఇళ్ళకు వెళ్ళి పత్రం ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకుంటాడు. దివ్యాంగులైతే 40 శాతానికి తగ్గని వైకల్యాన్ని చూపే ధ్రువపత్రం జతపరచాలి. దరఖాస్తు ఆమోదం పొందితే ఓటర్ల జాబితాలో ఆ పేరు ఎదుట తపాలా బ్యాలెట్ గుర్తు పడుతుంది. ఇక ఆ ఓటరు పోలింగ్ కేంద్రంలో ఓటు వేయడానికి వీలుండదు. పోలింగుకు ముందే అధికారుల బృందం ఇంటికి వస్తుంది. మొదటిసారి ఓటరు లేకపోతే రెండవసారి వస్తుంది. అప్పుడూ లేకపోతే మూడవసారి రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల ప్రకటన మార్చి 16న, నోటిఫికేషన్ ఏప్రిల్ 18న, పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న జరిగాయి. అంటే నోటిఫికేషన్ వెలువడిన వారంలోపే దరఖాస్తుకు ద్వారం మూసుకుపోయింది. పోలింగుకు దాదాపు మూడు వారాల ముందే ఓటరు ఏ పద్ధతిలో ఓటు వేస్తాడన్నది తేలిపోయింది.

ఈ క్రమంలో మెచ్చదగినది స్పష్టంగా ఉన్నది. పత్రం ఓటరును వెతుక్కుంటూ వస్తుంది. నడవలేని మనిషిని దరఖాస్తు కోసం కార్యాలయానికి నడిపించకపోవడం మానవీయమైన ఆలోచన. విమర్శకు ఆస్కారమిచ్చేది ఈ ఆలోచన సగంలో ఆగిపోవడమే.

3. నాలుగు విధాల ముగింపు

తపాలా ఓటు ఏర్పాటు ముగియడం ఒకే తీరున జరగదు. కనీసం నాలుగు విధాలు కనిపిస్తాయి.

3.1. ఎన్నికతో ముగింపు

12-డి దరఖాస్తు జరగబోయే ఒక ఎన్నికకు సంబంధించినది. అది ముగియగానే ఏర్పాటూ ముగుస్తుంది. చట్టం దృష్టిలో ఇందులో సందేహం లేదు. అయితే ఓటరు దృష్టి వేరు. 2024లో మార్కాపురం పరిసర గ్రామంలో ఒక వృద్ధురాలి ఇంటికి అధికారులు, వీడియో తీసే మనిషి, పోలీసు కలిసి వచ్చి, శాసనసభకూ లోక్‌సభకూ రెండు బ్యాలెట్లు ఇచ్చి, ఓటు వేయించుకొని వెళ్ళారనుకుందాం. ఆమె ‘ఇక నా పేరు ఇంటి ఓటులో ఎక్కింది’ అనుకోవడం సహజం. పింఛను, రేషన్ కార్డు వంటి అనుభవాలన్నీ ఆమెకు నేర్పింది అదే. ఒకసారి పేరు ఎక్కితే తీసేసేదాకా ఉంటుంది. ఓటు ఏర్పాటు అలాంటిది కాదని ఆమెతో ఎవరైనా చెప్పవలసి ఉన్నది. సాధారణ గడువు ప్రకారం తరువాతి శాసనసభ ఎన్నికలు 2029లో. ఈ ఐదేళ్ళ ఎడంలో ఆ మాట చెప్పే పత్రం ఏదీ ఆమె చేతికి రాదు.

3.2. నియమం మారడంతో ముగింపు

2024 మార్చి ఆరంభంలో, ఎన్నికల ప్రకటనకు కొద్దిరోజుల ముందు, వయోపరిమితిని 80 నుండి 85 ఏళ్ళకు పెంచుతూ నియమాలను సవరించారు. గిద్దలూరుకు దక్షిణాన ఆనుకొని ఉన్న కడప జిల్లా బద్వేలు నియోజకవర్గంలో 2021 అక్టోబరు 30న ఉపఎన్నిక జరిగింది. అప్పటికి 80 ఏళ్ళ పరిమితి అమలులో ఉన్నది. కలసపాడు, పోరుమామిళ్ళ మండలాల్లో ఆనాటికి 80 దాటి 82 నిండని ఓటరును తలచుకుంటే, 2024 మే నాటికి ఆ ఓటరుకు 85 నిండవు. రెండున్నరేళ్ళలో వయస్సు పెరిగింది, నడక తగ్గింది, అర్హత పోయింది. ముసలితనం పెరిగినకొద్దీ సౌకర్యం దూరమవడం ఈ సవరణ తెచ్చిన వింత ఫలితం.

పరిమితిని మార్చే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. దానికి కారణాలూ ఉండవచ్చు. ఇక్కడి ప్రశ్న ఆ అధికారం గురించి కాదు. పాత పరిమితి కింద అర్హులైనవారి వివరాలు యంత్రాంగం వద్ద ఉన్నప్పుడు, ‘ఈసారి మీకు ఈ వీలు లేదు, పోలింగ్ కేంద్రానికి రావాలి’ అన్న ఒక్క మాట వారికి వ్యక్తిగతంగా చేర్చే బాధ్యతను సవరణతో పాటు ఎందుకు పెట్టలేదన్నదే ప్రశ్న. గెజిట్ ప్రకటన, పత్రికావార్త వ్యక్తికి తెలియజేయడం కిందకు రావు. వినికిడి తగ్గిన, చూపు మందగించిన వయస్సువారి విషయంలో అసలే రావు.

3.3. ధ్రువపత్రం కాలం తీరడంతో ముగింపు

దివ్యాంగ ఓటర్ల విషయంలో మరొక కాలపరిమితి దాగి ఉన్నది. వైకల్య ధ్రువపత్రం శాశ్వతమైనది కావచ్చు. వైకల్యస్థాయి మారే అవకాశం ఉంటే నిర్ణీత కాలానికి మాత్రమే చెల్లేదీ కావచ్చు. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయినవారికి ఈ ధ్రువపత్రమే ఇంటి ఓటుకు తాళంచెవి. ధ్రువపత్రం కాలం రెండు ఎన్నికల మధ్య తీరిపోతే, నోటిఫికేషన్ తరువాత దొరికే ఐదు రోజుల్లో వైద్య పరీక్ష చేయించుకొని కొత్తది తెచ్చుకోవడం ఆచరణలో అసాధ్యం. ఆరునెలల ముందు తెలిస్తే సాధ్యం. అందువల్ల ఇక్కడ తెలియజేయడమంటే మర్యాద మాత్రమే కాదు, హక్కును నిలబెట్టుకునే సమయం ఇవ్వడం.

పింఛన్ల విషయంలో జరిగినదానితో దీనిని పోల్చి చూడవచ్చు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్లకు ఆధారమైన ధ్రువపత్రాలను పునఃపరిశీలించింది. వైకల్యం 40 శాతానికి తక్కువగా తేలినవారికి నోటీసులు అందాయి. అప్పీలు చేసుకునే అవకాశమూ కల్పించారు. ఆ పునఃపరిశీలన న్యాయాన్యాయాలు ఈ వ్యాసపరిధిలోనివి కావు. గమనించవలసినది ఒక్కటే. పింఛనుకు 40 శాతం, ఇంటి ఓటుకూ 40 శాతమే. అదే కాగితం, అదే మనిషి. పింఛను పోతుందంటే నోటీసు వచ్చింది, దానిమీద వాదించడానికి దారి ఉన్నది. అదే కాగితం మారడంతో ఇంటి ఓటు కూడా పోతుందని చెప్పే నోటీసుకు మాత్రం విధానంలో చోటు లేదు.

3.4. హోదా ముగియడంతో ముగింపు

సైన్యంలో ఉన్నవారు సర్వీసు ఓటర్లుగా ఓటర్ల జాబితా చివరి భాగంలో నమోదవుతారు. 2016 సవరణ తరువాత వారికి బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేరుతున్నది. దానిని ముద్రించుకొని, ఓటు వేసి, లెక్కింపు మొదలయ్యేలోగా రిటర్నింగ్ అధికారికి చేరేలా తపాలాలో పంపాలి. పదవీ విరమణతో ఈ హోదా పోతుంది. ఊరికి తిరిగివచ్చిన సైనికుడు 6వ నమూనాలో సాధారణ ఓటరుగా నమోదు కావాలి. పింఛను పత్రాలు, వైద్య సౌకర్యపు కార్డు వంటివాటి గురించి విరమణ సమయంలో అతడు వింటాడు. తపాలా ఓటు ముగిసిందనీ, స్వగ్రామంలో కొత్తగా నమోదు కావాలనీ కూడా ఆ జాబితాలో చేరవలసి ఉన్నది. లేకపోతే పోలింగునాడు సొంత ఊళ్ళో నిలబడి జాబితాలో తన పేరు వెతుక్కోవలసి వస్తుంది.

4. మౌనానికి రెండర్థాలు

పై నాలుగింటికీ సామాన్యమైన లక్షణం మౌనం. ఈ మౌనాన్ని సమర్థించేవారు చెప్పగల బలమైన మాట ఒకటి ఉన్నది. ప్రతి ఎన్నికకూ బూత్ స్థాయి అధికారి మళ్ళీ పత్రం తెచ్చి ఇస్తాడు గదా, పాతది ముగిసిందని విడిగా చెప్పడమెందుకు అని. అర్హత నిలిచి ఉండి, జాబితాలో వివరాలు సరిగా ఉండి, ఆ వారంలో ఇంట్లోనే ఉన్న ఓటరు వరకు ఈ సమాధానం సరిపోతుంది.

మిగిలినవారి సంగతి చూడాలి. పత్రం రాలేదంటే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, ఓటరుకు అర్హత లేకపోవడం. రెండు, అర్హత ఉన్నా పత్రం చేరకపోవడం. ఓటరు జాబితాలో వైకల్యం నమోదు కాకపోవచ్చు, వయస్సు తప్పుగా పడి ఉండవచ్చు, ఆ వారంలో కొడుకు వద్దకు హైదరాబాదు వెళ్ళి ఉండవచ్చు, నల్లమల లోపలి గూడేనికి కబురు ఆలస్యంగా చేరి ఉండవచ్చు. మొదటి సందర్భంలో ఓటరు చేయవలసింది పోలింగ్ కేంద్రానికి వెళ్ళే ఏర్పాటు చూసుకోవడం. రెండవ సందర్భంలో చేయవలసింది వెంటనే అడిగి పత్రం తెప్పించుకోవడం. ఈ రెండూ భిన్నమైన పనులు. మౌనం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే. తనది ఏ సందర్భమో తెలియని ఓటరు రెండు పనుల్లో ఏదీ చేయలేడు.

ఇక్కడే ఈ లోపం కేవలం సౌకర్యానికి సంబంధించినది కాదని తేలుతుంది. కాదన్న మాట చెవిన పడితే దానిని ప్రశ్నించవచ్చు. వయస్సు తప్పు పడిందని చూపవచ్చు, ధ్రువపత్రం తెచ్చి ఇవ్వవచ్చు. ఎవరూ ఏమీ అనని చోట ప్రశ్నించడానికి ఏమీ ఉండదు. తిరస్కారానికి అప్పీలు ఉంటుంది గాని మౌనానికి అప్పీలు లేదు.

5. మాటలు తెచ్చిన మరుగు

విధానంలోని లోపాన్ని దాని భాష మరింత పెంచుతున్నది. ‘గడువు’ అనే మాట తెలుగులో రెండు పనులు చేస్తుంది. దరఖాస్తు ఇవ్వడానికి ఆఖరు తేదీ గడువే, ఇచ్చిన ఏర్పాటు చెల్లే కాలమూ గడువే. ‘12-డి గడువు ముగిసింది’ అంటే దరఖాస్తులు తీసుకోవడం ఆగిందని అధికారి ఉద్దేశం. నిరుడు ఇచ్చిన కాగితం చెల్లదన్న అర్థం కూడా అందులో రావచ్చు. మొదటిదానికి ‘ఆఖరు తేదీ’ అనీ, రెండవదానికి ‘చెల్లుబాటు’ అనీ వేరుచేసి వాడితే ఈ చిక్కు పోతుంది. ‘చెల్లు’ నోటు వ్యవహారంలో ఈ ప్రాంతపు నాలుకలమీద నిత్యం ఆడే మాట. ‘ఈ ఎన్నికకే చెల్లుతుంది’ అంటే వివరణ అక్కరలేదు.

రెండవది ‘గైర్హాజరు ఓటరు’. ఇంగ్లీషు చట్టపదానికి ఇది మక్కికి మక్కి అనువాదం. తెలుగులో గైర్హాజరు బడికి రాని పిల్లవాడికీ పనికి రాని ఉద్యోగికీ చెప్పే మాట. రావలసినవాడు రాలేదన్న నింద అందులో ఉన్నది. మంచం దిగలేని మనిషి తనను గైర్హాజరుగా ఒప్పుకుంటూ సంతకం పెట్టవలసి రావడం గౌరవప్రదం కాదు. జనం తామే ‘ఇంటి ఓటు’ అన్న మాటను వాడుకలోకి తెచ్చుకున్నారు. ఓటరు చేతికిచ్చే తెలుగు పత్రాల్లో చట్టపదం పక్కన ఈ మాటను ఉంచడానికి నియమాలేవీ అడ్డురావు.

6. బ్రిటన్ విధానంతో పోలిక

తపాలా ఓటుకు కాలపరిమితి పెట్టి, దానిని తెలియజేసే బాధ్యతను కూడా పెట్టిన విధానం ఉన్నదా అన్న ప్రశ్నకు బ్రిటన్ దగ్గరి ఉదాహరణ. అక్కడ 2022 ఎన్నికల చట్టం కింద, 2023 అక్టోబరు 31 నుండి బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల కోసం ఇచ్చే తపాలా ఓటు ఏర్పాటు గరిష్ఠంగా మూడేళ్ళు చెల్లుతుంది. అంతకుముందు నుండి ఉన్న దీర్ఘకాలిక ఏర్పాట్లకు 2026 జనవరి 31 ముగింపు తేదీ. కాలం తీరబోతున్నదని ఓటర్ల నమోదు అధికారి సదరు ఓటరుకు తెలియజేసి, మళ్ళీ దరఖాస్తు చేసుకోమనాలి. మూడేళ్ళ పరిమితి ఓటరుకు అదనపు భారమే. అయినా పరిమితి పెట్టిన చేయే జ్ఞాపకం చేసే పని కూడా నెత్తికెత్తుకున్నది.

ఈ పోలికలో తెలుగువారికి సంబంధించిన ఒక విశేషం ఉన్నది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా అక్కడి ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, తపాలా ఓటూ కోరవచ్చు. మార్కాపురం నుండి లండన్ వెళ్ళిన ఉద్యోగికి తన తపాలా ఓటు కాలం తీరబోతున్నదని అక్కడి అధికారి ఉత్తరం రాస్తాడు. అదే ఉద్యోగికి మార్కాపురంలో తపాలా ఓటు అసలే లేదు. ప్రవాస ఓటరుగా 6-ఎ నమూనాలో నమోదైనా పోలింగునాడు స్వయంగా వచ్చి వేయవలసిందే. ఊళ్ళో ఉన్న అతడి తల్లికి ఇంటి ఓటు ఉన్నది, అది ముగిసిందని చెప్పే ఉత్తరం లేదు. ఒకే కుటుంబంలో ఈ మూడు స్థితులూ కలిసి ఉండవచ్చు.

బ్రిటన్ పద్ధతిని యథాతథంగా దించుకోవాలన్నది ఈ పోలిక ఉద్దేశం కాదు. అక్కడ బ్యాలెట్ తపాలాలో ఇంటికి వస్తుంది, తపాలాలోనే తిరిగి వెళుతుంది. ఇక్కడ అధికారుల బృందమే బ్యాలెట్ తెచ్చి, తీసుకొని వెళుతుంది. వేల ఇళ్ళకు బృందాలను పంపవలసిన చోట ప్రతి ఎన్నికకూ కొత్త దరఖాస్తు అడగడంలో న్యాయమున్నది. చనిపోయినవారి పేరిట, ఊరు విడిచినవారి పేరిట బ్యాలెట్లు బయలుదేరకుండా అది అడ్డుకట్ట వేస్తుంది. ఇంటి నాలుగు గోడల మధ్య ఓటు రహస్యానికి, స్వేచ్ఛకు ఉన్న ముప్పు దృష్ట్యా కూడా ఈ వీలు ఎవరికి అవసరమో ప్రతిసారీ తేల్చుకోవడం మంచిది. కనుక ఏర్పాటును శాశ్వతం చేయమనడం సరికాదు. ముగిసే ఏర్పాటును ముగిసేదిగా చెప్పమనడమే సరైన కోరిక.

7. సాధ్యమైన సవరణలు

ఈ కోరిక నెరవేరడానికి కొత్త శాఖ గాని పెద్ద వ్యయం గాని అవసరం లేదు. ఇప్పటికే ఓటరు చేతికి వెళ్ళే కాగితాల్లో చోటు ఉన్నది.

మొదటిది, 12-డి అందుకున్నప్పుడు ఓటరుకు కూడా ఒక రసీదు ముక్క ఇచ్చి, దానిమీద పెద్ద అక్షరాల్లో ‘ఈ ఇంటి ఓటు ఈ ఒక్క ఎన్నికకే చెల్లుతుంది. వచ్చే ఎన్నికకు మళ్ళీ దరఖాస్తు ఇవ్వాలి’ అని ముద్రించాలి. రెండవది, గత ఎన్నికలో ఇంటి ఓటు వేసి, ఈసారి అర్హత కోల్పోయినవారి పేర్లను గుర్తించి, కారణంతో సహా వ్యక్తిగతంగా తెలియజేయాలి. పేరు, చిరునామా, పాత దరఖాస్తు యంత్రాంగం వద్ద ఉన్నవే. మూడవది, నిర్ణీత కాలపు వైకల్య ధ్రువపత్రం ఉన్న ఓటర్లకు ఏటా జరిగే ఓటర్ల జాబితా సవరణ సమయంలోనే ఆ సంగతి గుర్తుచేయాలి. నాలుగవది, ఈ మాటలు కాగితంమీదనే ఆగకూడదు. అక్షరం రానివారికి, చూపు లేనివారికి బూత్ స్థాయి అధికారి చదివి వినిపించాలి. గ్రామ సచివాలయ సిబ్బంది పింఛను పంచే రోజు ఇందుకు అనువైనది. ఇంటి ఓటు కావలసినవారిలో ఎక్కువమంది ఆ రోజు ఆ సిబ్బందికి ఎదురుపడేవారే.

బూత్ స్థాయి అధికారులకు ఇప్పటికే పనిభారం ఎక్కువన్న అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. వారు వేరే ఉద్యోగాలు చేస్తూ ఈ పని అదనంగా మోస్తున్నవారు. అయితే పైవాటిలో మొదటిది ముద్రణలో తీరుతుంది. రెండవది, మూడవది చేయడానికి జాబితా వివరాలు కంప్యూటర్లో ఉన్నాయి. మిగిలినది ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పే ఒక వాక్యం. పోలింగునాడు వాకిట్లో కుర్చీ వేసుకొని బృందం కోసం ఎదురుచూసి, సాయంత్రానికి ఓటు పోయిందని తెలుసుకునే వృద్ధుడి నష్టంతో పోలిస్తే ఈ భారం తక్కువ.

8. ఉపసంహారం

ఇంటి ఓటు భారత ఎన్నికల విధానం సాధించిన మంచి మార్పుల్లో ఒకటి. హక్కు మనిషిని వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళాలన్న దృష్టి దానికి మూలం. ఆ దృష్టి మొదలుకే పరిమితమై, ముగింపును గెజిట్‌కూ ఊహకూ వదిలేసింది. ఎన్నికతో, నియమం మార్పుతో, ధ్రువపత్రంతో, హోదాతో ఏర్పాటు నాలుగు విధాలుగా ముగుస్తున్నదనీ, నాలుగింటా ఓటరుకు ఎదురయ్యేది ఒకే మౌనమనీ పై పరిశీలనలో తేలింది. ఆ మౌనం వల్ల అనర్హుడు ముందే వేరే దారి చూసుకోలేడు, అర్హుడు ఎవరినీ నిలదీయలేడు. పరిమితి పెట్టే అధికారం ఎవరిదో దానిని తెలియజేసే బాధ్యతా వారిదే కావాలి. 2029లో మార్కాపురం, గిద్దలూరు వీధుల్లోకి బూత్ స్థాయి అధికారులు మళ్ళీ 12-డి పత్రాలతో వచ్చేనాటికి, పత్రం ఇవ్వని ఇంటి వద్ద కూడా ఆగి, ఎందుకు ఇవ్వడం లేదో చెప్పి వెళ్ళే ఏర్పాటు ఉంటే ఈ విధానం తన ఆశయానికి తగినట్లు నిలుస్తుంది.